బ్లూటెన్‌బర్గ్ కోటలో మాయాలోకాల పుస్తకాలు

మ్యూనిక్ నగరానికి పడమటి వైపు, ఓబర్‌మెన్‌జింగ్ పేటలో, వ్యుర్మ్ అనే చిన్న నది ఒడ్డున బ్లూటెన్‌బర్గ్ కోట ఉంది. 15వ శతాబ్దంలో బవేరియా ప్రభువుల వేటవిడిదిగా ఉన్న ఈ కోటలో 1983 నుంచి అంతర్జాతీయ బాలల గ్రంథాలయం నడుస్తోంది. తెల్లటి గోడలు, బురుజులు, పక్కనే నీళ్లు చూస్తూ వచ్చినవారికి అసలు సంపద కంటికి కనబడదు. అది ముంగిలి కింద, నేలమాళిగల్లో ఉంది. ప్రపంచ భాషల్లోని బాలల పుస్తకాలు అక్కడ లక్షల్లో ఉన్నాయి.

ఈ గ్రంథాలయ వ్యవస్థాపకురాలు యెల్లా లెప్‌మన్. నాజీల కాలంలో జర్మనీ విడిచి ఇంగ్లండు చేరిన ఈ యూదు పాత్రికేయురాలు యుద్ధం ముగిశాక తిరిగివచ్చి, పుస్తకాలు దానంగా పంపమని దేశదేశాలకు ఉత్తరాలు రాసింది. అలా వచ్చినవాటితో 1946లో ప్రదర్శన పెట్టింది, 1949లో గ్రంథాలయం తెరిచింది. ఏటా ఇక్కడి భాషానిపుణులు కొత్తగా వచ్చినవాటిలోంచి 200 పుస్తకాలు ఏరి ‘వైట్ రావెన్స్’ పేరిట జాబితా వేస్తారు.

నిపుణుల ఏరివేత సంగతి అలా ఉంచితే, ఇంట్లో ఒక పిల్లకో పిల్లాడికో ఫాంటసీ పుస్తకం ఎంచడం ఎలాగన్నది కోటలోనే ఉన్న మిహాయెల్ ఎండే మ్యూజియంలో బాగా తెలుస్తుంది. ఒకే రచయిత మూడు వయసులవారికి మూడు రకాల మాయాలోకాలు కట్టాడు. 1960లో వచ్చిన ‘జిమ్ క్నోప్ఫ్’లో చిన్న ద్వీపం, రైలింజను, దాన్ని నడిపే లూకాస్ ఉంటారు. ఆరేడేళ్ల పిల్లలకు పెద్దలు చదివి వినిపించడానికి ఇది తగినది. 1973 నాటి ‘మోమో’లో బూడిదరంగు మనుషులు జనం సమయాన్ని దొంగిలిస్తారు. చదవడం వచ్చిన ఎనిమిదేళ్లవాడు కూడా మాటలు దాటుకుంటూ పోగలడు కానీ, కాలం విలువ తెలియనివాడికి ఆ దొంగతనంలోని భయం అందదు. పదేళ్లు దాటాక ఇవ్వడం మేలు.

మూడోది 1979 నాటి ‘అంతంలేని కథ’. జర్మన్ మూలప్రతి తెరిస్తే కొన్ని పుటలు ఎర్ర సిరాలో, కొన్ని ఆకుపచ్చ సిరాలో ఉంటాయి. ఎరుపు బాస్టియన్ అనే కుర్రవాడు బతుకుతున్న మన లోకం, ఆకుపచ్చ అతను చదువుతున్న మాయాలోకం. 26 అధ్యాయాలు వరసగా ఎ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరంతో మొదలవుతాయి. రెండు లోకాల మధ్య రాకపోకలు చేసే కథలో చిన్న పాఠకుడికి ఈ రంగులే దారి చూపిస్తాయి. చవక ముద్రణల్లో ఒక్కోసారి రంగులు పోయి వాలు అక్షరాలు మిగులుతాయి. కొనేముందు నాలుగు పుటలు తిప్పి చూడాలి. ఇంకో సంగతి: 1984 నాటి సినిమా సుమారుగా నవల మొదటి సగమే. రెండో సగంలో కోరిన కోరిక ఒక్కొక్కటీ తీరేకొద్దీ బాస్టియన్ తన జ్ఞాపకాలు ఒక్కొక్కటే పోగొట్టుకుంటాడు. సినిమా చూసి ఉత్సాహపడిన పిల్లలు ఇక్కడ తడబడతారు.

దీన్నిబట్టి అట్ట మీద అచ్చేసిన వయసు అంగడివాళ్ల వీలుకోసమే అనుకోవచ్చు. ముందుగా చూడవలసింది భయం మోతాదు. రాక్షసులు, మంత్రగాళ్లు పిల్లలను అంతగా కలచివేయరు. ఆత్మీయుల చావు కలచివేస్తుంది. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ‘లయన్‌హార్ట్ సోదరులు’ (1973) అన్న మరణంతోనే మొదలవుతుంది. అది గొప్ప పుస్తకం, కానీ ఇంట్లో ఎవరో పోయిన ఏడాది ఇవ్వదగినది కాకపోవచ్చు. చందమామలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియళ్లలో కపాలాలు, భయంకర మృగాలు కావలసినన్ని ఉన్నా, తెలుగు పిల్లలు నెలకు కొంచెం చొప్పున, చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన బొమ్మలతో కలిపి ఆ భయాన్ని ఇష్టంగానే మింగారు.

తరువాతది వరస. హ్యారీ పాటర్ తొలి పుస్తకం (1997) బ్రిటిష్ ప్రతి 223 పుటలు, ఐదోది 766. హీరో పుస్తకానికో ఏడు పెరుగుతాడు, కథ నాలుగో పుస్తకం నుంచి చీకటిబారుతుంది. ఏడూ కలిపిన పెట్టెను ఎనిమిదేళ్ల పుట్టినరోజుకు కొనడం తొందరపాటే. నార్నియా పుస్తకాల మీద ఇప్పుడు కథాకాలం ప్రకారం అంకెలు వేస్తున్నారు. అయినా 1950లో ముందుగా వచ్చిన అలమర కథతోనే మొదలుపెట్టాలి. ఆ లోకం ఎలా పుట్టిందో చెప్పే 1955 నాటి పుస్తకం, దాన్ని ఒకసారి చూసివచ్చినవారికే రుచిస్తుంది.

చివరి తీర్పు పిల్లలదే. టోల్కీన్ ‘హాబిట్’ రాతప్రతిని 1936లో ప్రచురణకర్త అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్‌కు ఇచ్చి, ఒక షిల్లింగు కూలి కట్టి అభిప్రాయం రాయించుకున్నాడు. అయిదు నుంచి తొమ్మిదేళ్లవారికి నచ్చుతుందని ఆ పెద్దమనిషి తేల్చాడు! పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. హ్యారీ పాటర్ తొలి అధ్యాయానికి ఓటు వేసింది కూడా బ్లూమ్స్‌బరీ అధిపతి ఎనిమిదేళ్ల కూతురే.

ఈ పద్ధతి ఏ ఇంట్లోనైనా కుదురుతుంది. సెట్టు జోలికి పోకుండా మొదటి పుస్తకం ఒక్కటే తెచ్చి, తొలి అధ్యాయం పైకి చదివి వినిపించాలి. పిల్లలు రెండోది అడగకపోతే బతిమాలనక్కర్లేదు. దాన్ని పై అరలో పెట్టి వేరేది తీయండి, ఏడాది పోయాక వాళ్లే దించుకోవచ్చు.