ముందు ఎర్తు చూశావా బావా?

పాత కారులో అన్నిటికంటే ముందు ముసలితనం వచ్చేది రబ్బరుకి. ఇంజిను ఇనుము ముప్పై ఏళ్లయినా చెక్కుచెదరదు. దాని అంచుల్లో నూనెను ఆపే సీళ్లు, ఓ-రింగులు మాత్రం గట్టిపడి పగుళ్లిస్తాయి. న్యూజెర్సీలో మా ఇంటి ముందు నిలబడ్డ మాజ్డా మియాటాకి నేను చేసిన మరమ్మతుల్లో ఎక్కువ ఇలాంటివే. రబ్బరు కాకపోతే నీళ్లు, నీళ్లు కాకపోతే తుప్పు.

మియాటా 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి కనిపించింది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, 1.6 లీటర్ల ఇంజిను, టన్నుకి తక్కువ బరువు. నాది ఆ తొలి తరానిదే, హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేచే రకం. బానెట్ ఎత్తితే ఏది ఏమిటో కంటికి కనిపిస్తుంది, చెయ్యీ దూరుతుంది. ఇప్పటి కార్లలో ఎత్తి చూస్తే నల్లటి ప్లాస్టిక్ మూత. పేరుకి స్పోర్ట్స్ కారేగానీ, ఇంటి దగ్గర విప్పి బిగించుకోవడానికి ఇంత అనువైన బండిని నేను చూడలేదు.

ఆ మధ్య గేర్‌బాక్సు మొదట్లో నూనె చుక్కలు కట్టాయి. చూపించిన చోట ఇంజిను వెనక మెయిన్ సీలు పోయిందన్నారు. అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. లేబరే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఆ రాత్రి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మా మేనమామ కొడుక్కి వీడియో కాల్ చేశాను. వాడు జన్మలో మియాటాని చూసి ఉండడు. “కింద కనబడిందని కిందే కారుతోందనుకోకు బావా. అంతా తుడిచేసి, ఇంజిను కాసేపు తిప్పి, పైనుంచి వెతుక్కుంటూ రా” అన్నాడు.

సిలిండర్ హెడ్ వెనకాల, క్యాబిన్ గోడకి ఆనుకున్నట్టుగా కామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. వెతికితే కారుతున్నది అక్కడే. దాని మెడలోని ఓ-రింగు ఎండిపోతే నూనె హెడ్ వెనగ్గా జారి, సరిగ్గా మెయిన్ సీలు ఉండే చోట తేలుతుంది. మియాటాల్లో ఇది పాత కథే, గేర్‌బాక్సులు ఊరికే దింపించిన కథ. రింగు ధర కొద్ది డాలర్లు. విప్పేముందు సెన్సర్‌కీ హెడ్‌కీ కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీయాలి. సెన్సర్ కాస్త తిరిగినా ఇంజినులో నిప్పురవ్వ పడే సమయం మారిపోతుంది. ఆ తర్వాతంతా కంటితో కాదు, వేలికొసలతో చేసే పని. అక్కడికి చూపు అందదు. పాత రింగు బయటికొచ్చాక వంచితే పుటుక్కున విరిగింది.

వానాకాలం బాధ వేరు. టాపు మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న కాలువల్లోంచి, వెనక చక్రాల ముందు కిందికి పోవాలి. అక్టోబరులో రాలే మేపుల్ ఆకులు పొడై అందులో చేరాయా, నీళ్లు తివాచీ కిందికి మళ్లుతాయి, తలుపు కింది రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది. పైకి ఏమీ తెలియదు, ముందు ముక్కవాసన వస్తుందంతే. ఇనప తీగ పెట్టి పొడిస్తే అడుగునున్న రబ్బరు చిరుగుతుంది. గడ్డి కోసే యంత్రానికి చుట్టే నైలాన్ తీగ అయితే మెత్తగా వంగి దిగుతుంది. గ్లాసుడు నీళ్లు పోసి కింద కారాయో లేదో చూసుకోవాలి. ఏడాదికోసారి చేసే ఈ పావుగంట పని ఎగ్గొట్టి, వేలు పోసి రేకులు అతికించుకున్నవాళ్లున్నారు.

హెడ్‌లైటు ఒకటే లేచి కారు కన్నుకొట్టినట్టు నిలబడిన రోజు, దాన్ని లేపే మోటారు ధర చూసి మళ్లీ విజయవాడకి ఫోన్ చేశాను. వాడి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ముందు ఎర్తు చూశావా బావా?” ఎర్తు బోల్టు విప్పి, తీగ కొస ఉప్పుకాగితంతో రుద్ది బిగించాక రెండూ లేచాయి.

వారాంతం విందులకి వెళ్తే నా గోళ్ల కింది నలుపు చూసి, ఇంత చదివి ఎందుకండీ ఈ పాట్లు, కొత్తది లీజుకి తీసుకోకూడదూ అంటారు. మా చిన్నప్పుడు చదువబ్బని పిల్లాణ్ని మెకానిక్ షెడ్డులో పడేస్తామని బెదిరించేవారు. ఆఫీసులో రోజంతా బగ్గులు వెతికే నాకు, చూడని బండి జబ్బుని ఫోన్లో చెప్పే మా బావమరిది చదువు చిన్నదనిపించదు.

ఈ వేసవిలో క్లచ్ పెడల్ మెత్తబడింది. కింద క్లచ్‌ని తోసే స్లేవ్ సిలిండర్, అందులోనూ రబ్బరే. కారు ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టి (జాకీ ఒక్కదాన్నీ నమ్మి కిందికి దూరకూడదు) కుడి ముందు చక్రం విప్పితే చేతికందుతుంది. రెండు బోల్టులు, ఒక పైపు. కొత్తది పెట్టాక లోపలి గాలి తీయడానికి మాత్రం రెండో మనిషి కావాలి. కూతుర్ని చూడ్డానికొచ్చిన మా మావయ్యగారు పంచె పైకి మడిచి డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. “నొక్కండి… అలాగే పట్టుకోండి… ఇప్పుడు వదలండి.” నేను కింద నిపుల్ వదులు చేసి బిగిస్తున్నాను. బుడగలు ఆగి, ఆయిలు ఏకధారగా వచ్చింది.

“గట్టిపడింది అల్లుడుగారూ” అని ఆయన దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు. “అంతా బాగుంది గానీ, దీంట్లో రెండే సీట్లు. గుడికి వెళ్దామంటే మీ అత్తయ్య ఎక్కడ కూర్చుంటుందీ?”