ఉప్పు తిన్న వాకిలి

మిషిగన్‌లో చలికాలం వస్తోందని తెలుసుకోవడానికి క్యాలెండర్ చూడక్కర్లేదు. పెట్రోలు బంకుల ముందు ఉప్పు బస్తాలు మనిషెత్తున పేర్చేస్తారు. మంచు తుఫాను వస్తోందని టీవీలో చెప్పారంటే చాలు, మన దగ్గర యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టినంత పని చేస్తారు జనం ఆ బస్తాల కోసం. వంటకు కాదు, వాకిట్లో చల్లడానికి.

ఈ వారం నాకొక ఉత్తరం వచ్చింది. సెప్టెంబర్‌లో మా డ్రైవ్‌వే బాగుచేసి వెళ్లిన కంపెనీ పంపింది. మొదటి చలికాలం ఉప్పు గానీ, మంచు కరిగించే మరే మందు గానీ దాని మీద పడకూడదట. పడితే గ్యారంటీ చెల్లదట. ఉత్తరం చదివి బల్లమీద పెట్టానో లేదో, వీధిలో గరగరమని చప్పుడు. లారీ వెనక తిరుగుడు పళ్లెంలోంచి ఉప్పు విరజిమ్ముకుంటూ పోయింది. మా డ్రైవ్‌వే వీధిని కలిసే చోట చారెడు ఉప్పు, తెల్లగా, రవ్వలు రవ్వలుగా. ఇప్పుడు నేనెవరికి రాయాలి ఉత్తరం?

కంపెనీకి ఫోన్ చేసి అడిగాను. ఊరంతా చల్లే ఉప్పు నా కారు చక్రాలకు అంటుకొని ఇంటికొస్తే అది ఎవరి ఖాతా అని. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "కుదిరితే ఈ ఒక్క చలికాలం కారు వీధిలోనే పెట్టుకోండి" అంది. మంచు కురిసిన రాత్రి వీధిలో కారు ఉంటే ఊరివాళ్లు చలానా రాస్తారు, మంచు తోసే బండికి అడ్డమని. అదీ చెప్పాను. "అవును సార్, అది మాత్రం కష్టమే" అంది, ఇంకా మర్యాదగా. ఈ దేశంలో నిన్ను ఇరికించేవాళ్లు కూడా థ్యాంక్యూ చెప్పే ఫోన్ పెడతారు.

అసలు డ్రైవ్‌వే అంటే ఏముంది, వీధి నుంచి కారు షెడ్డు దాకా నాలుగంగుళాల మందాన పోసిన కాంక్రీటు. మేం ఇల్లు కొన్ననాటికే దానికి గజ్జి పట్టినట్టు ఉండేది. పైపొర పెచ్చులూడి లోపలి కంకర తేలింది. అయితే అంతటా కాదు. రెండు కార్లు నిలబడేచోట, చక్రాల కింద, మచ్చలు. వీధి అంచున మరీ అధ్వానం. మధ్యలో ఎవరూ అడుగుపెట్టని భాగం మాత్రం నిన్న పోసినట్టు నున్నగా ఉండేది. అదే సిమెంటు, అదే మేస్త్రీ, అదే రోజు పోసింది. తేడా ఒక్కటే. వీధిలోని ఉప్పు మంచు కారు పొట్టకింద గడ్డకట్టి వచ్చి, షెడ్డు ముందు చుక్కచుక్కగా కారిన చోటల్లా సిమెంటు ఊడింది. దొంగ అడుగుజాడలు వదిలి వెళ్లినట్టే కదా! అయినా ఇక్కడెవరూ ఉప్పును దొంగ అనరు. జాగ్రత్త అంటారు.

దీని వెనక కథ ఇదీ. కాంక్రీటు చూడ్డానికి రాయిలా ఉన్నా దాన్నిండా కంటికానని సందులే. వాటిలో నీళ్లు దూరతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. లోపల చోటులేక పైపొరను పగలగొట్టుకొని బయటికొస్తాయి. ఒక్కసారి గడ్డకట్టి ఊరుకుంటే ఫరవాలేదు. మార్చిలో పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ పగలు కరిగి, ఈ సరసం నెలంతా సాగుతుంది. దీనికి విరుగుడు 1930లలోనే దొరికింది, అదీ అనుకోకుండా. న్యూయార్క్ రాష్ట్రంలో కొన్ని రోడ్లు మాత్రం చలికి చెక్కుచెదరకపోతే ఎందుకని ఆరా తీశారు. ఆ సిమెంటు నూరేటప్పుడు పశువుల కొవ్వు కలిసిందని తేలింది. కొవ్వు వల్ల కాంక్రీటులో సన్నటి గాలిబుడగలు పుట్టి, ఉబ్బే నీళ్లకు చోటిచ్చాయన్నమాట. అప్పటినుంచి చలిదేశాల్లో కాంక్రీటు కలిపేటప్పుడే మందుపోసి ఆరు శాతం దాకా గాలి పట్టిస్తున్నారు. మన దగ్గర బుడగలున్న కాంక్రీటు చూస్తే ఇంజనీరు బిల్లు ఆపుతాడు!

ఇంత తెలివైనవాళ్లు. కాంక్రీటులో గాలి ఎంత ఉండాలో కొలిచి మరీ పోస్తారు. పోసి, దానిమీద ఉప్పు చల్లుతారు. ఉప్పు మంచును కరిగిస్తుంది, నిజమే. కానీ ఆ కరిగిన నీటిని ఆరనివ్వదు, ఇంకా లోపలికి తాగిస్తుంది, ఉష్ణోగ్రత కాస్త పడగానే అది మళ్లీ గడ్డకడుతుంది. చలి మరీ ముదిరి మైనస్ పది దాటితే మామూలు ఉప్పు పనే చేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ అని ఖరీదైన రకం కొంటారు. అది సిమెంటుతోనే రసాయన కయ్యానికి దిగుతుంది. డబ్బు ఎక్కువ పెట్టినకొద్దీ ఇంకా బాగా తినే ఉప్పు దొరుకుతుందన్నమాట.

ఇంకో విడ్డూరం. మా డెట్రాయిట్‌లోనే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1909లో ఒక మైలు మేర కాంక్రీటు రోడ్డు పోశారు. అమెరికాలో మొదటి మైలు కాంక్రీటు రహదారి అదేనని గొప్పగా చెప్పుకుంటారు. అదే డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. కోట్ల ఏళ్లనాటి సముద్రం ఎండి మిగిలిన ఉప్పు. దాన్ని తవ్వి తీసి రోడ్ల మీద చల్లుతారు. ఈ ఉప్పు సముద్రం ఎక్కడో ఒహాయో కిందనే ఆగిపోయి ఉంటే నా వాకిలి నాకు దక్కేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒహాయో కింద కూడా ఉందట, అది వేరే సంగతి.

ఈ బాధ వీకెండ్ భోజనాల దగ్గర చెప్పుకుంటే ఒక మిత్రుడు, పేరెందుకులెండి, కోస్తా వైపువాడు, నవ్వాడు. "మీ పాలమూరులో సీసీ రోడ్డు మొదటి వానకే లేచిపోతుంది, ఇక్కడికొచ్చి ఉప్పు మీద పీహెచ్‌డీ చేస్తున్నావా?" అన్నాడు. నాకు చుర్రుమంది. సీసీ రోడ్డు లేచిపోయేది సిమెంటు బస్తాలు మధ్యలోనే మాయం కావడం వల్ల. పోసినోళ్ల పనితనం తక్కువై కాదు. సిమెంటు గురించీ రాయి గురించీ పాలమూరోడికి ఇంకొకరు చెప్పే పనిలేదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన్నాటి నుంచి, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆ రాళ్లెత్తిన భుజాల్లో మావాళ్లవెన్నో. ఆ తర్వాత శ్రీశైలం. ఆ తర్వాత దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, సొరంగం తవ్వినా పాలమూరు లేబర్ ఉండాల్సిందే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే, ఇంటికి తాళమేసి ముసలోళ్లకు పిల్లల్ని అప్పజెప్పి బస్సెక్కేవాళ్లు. కృష్ణమ్మ తెలంగాణలో మొదట అడుగుపెట్టేదే మా ఉమ్మడి జిల్లాలో. ఆ నీళ్లు మా చేలకెక్కడానికి పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు కరివెనలో పునాదిరాయి పడేసరికి 2015 జూన్ వచ్చింది.

ఇదంతా ఆవేశంగా చెప్పాను. మిత్రుడు పెరుగన్నం కలుపుకుంటూ, "సాగర్ డ్యాం మీద మంచు పడదు కదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మా పెద్దనాయిన ఉన్నాడు, దేవరకద్ర దగ్గర మా ఊళ్లోనే. వయసులో శ్రీశైలం డ్యాం పనికి పోయినవాడు. సెప్టెంబర్లో డ్రైవ్‌వే పని జరిగినరోజు అతనికి వీడియో కాల్ చేసి చూపించాను. ఇక్కడ రాత్రి మిగిలిన చీకటింకా పూర్తిగా పోలేదు, అక్కడ సాయంత్రం, అరుగుమీద కూర్చొని ఉన్నాడు.

"మీద ఏసే పొర ఎంత మందం ఉంటది రా?"

"అంగుళంలో నాలుగో వంతు గూడ ఉండదు పెద్దనాయినా."

"గది గిలాబు గాదు, పౌడరు! గంత పల్చగ ఏస్తే నిల్సుంటదా?"

నిలుస్తుంది, కింది పొర గట్టిగా ఉండి, పైపొర దాన్ని పట్టుకుంటే. సిమెంటులో సన్న ఇసుక, పాలిమర్ కలిపిన పొడి అది. మధ్యమధ్య అడ్డంగా కోసిన గీతలు చూసి అవెందుకన్నాడు. కాంక్రీటు ఎట్లాగూ పగులుతుంది, పగిలేదేదో గీత మీద పగలనీ అని ముందే కోసిపెడతారని చెప్పాను. "డ్యాం గూడ గట్లనే, బ్లాకులు బ్లాకులుగ కడ్తరు" అన్నాడు. అక్కణ్నుంచి అతనికి ఈ అమెరికా మేస్త్రీల మీద గౌరవం పుట్టింది. పనయ్యేదాకా ఫోన్ పెట్టలేదు.

వచ్చినవాళ్లు ముగ్గురు. ఒకతను కంపెనీ మనిషి, మిగతా ఇద్దరిదీ మెక్సికో. మొదట నీళ్ల తుపాకీ తీశారు. మూడు వేల పీఎస్‌ఐ ఒత్తిడి, వేలు అడ్డం పెడితే చర్మం ఊడొస్తుంది. ఊడేదంతా ఊడగొట్టి, నూనె మరకలు కడిగి, లోతు గుంటలు విడిగా పూడ్చారు. తర్వాత నేలను తడిపి, నిలిచిన నీళ్లను ఊడ్చేశారు. నేల నీళ్లు తాగి ఉండాలి, పైన మాత్రం తేలకూడదు. బకెట్లో డ్రిల్లుతో తిప్పిన మాలు దోసెపిండి జారుడుకు రాగానే వలకబోసి, రబ్బరు పలకతో లాగారు. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి, లేదంటే బకెట్లోనే బిగుసుకుంటుంది. వాళ్లలో వయసులో పెద్దవాడు వెనక్కి నడుస్తూ, పొడుగాటి చీపురును ఒక్క ఊపులో ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు, గీత ఎక్కడా వంకరపోలేదు. కాలు జారకుండా ఆ గరుకు. ఫోన్లోంచి పెద్దనాయిన, "వీడు పనోడు" అన్నాడు.

మధ్యాహ్నం వాళ్లు ట్రక్కు నీడలో కూర్చొని రొట్టెలు విప్పారు. మా ఆవిడ జొన్నరొట్టెలూ పల్లీల పచ్చడీ ఇచ్చింది. చీపురు పట్టినాయన పచ్చడి నాకి, ఇంకాస్త కారం ఉండొచ్చన్నట్టు వేళ్లతో సైగ చేశాడు. ఆ మాట ఈ దేశంలో నేను మొదటిసారి విన్నాను. వాళ్లకు కల్లు పోయించి యాట కూర పెట్టాలని మనసు పీకింది. కనీసం బీరన్నా ఇద్దామంటే కంపెనీ మనిషి చేతులెత్తి దణ్ణం పెట్టినంత పనిచేశాడు, ఇన్సూరెన్సు పోతుందని.

మా ఊళ్లో ఇంటికి స్లాబు వేసే రోజు దావత్ లేకుంటే ఎవడూ పార పట్టడు. తెల్లారకముందే మిల్లర్ వచ్చి వాకిట్లో దడదడలాడేది. కంకర, ఇసుక, సిమెంటు దాని నోట్లో పోస్తే మాలు కక్కేది. ఆడవాళ్లు నిచ్చెన పొడుగునా వరసగా నిలబడి గమేళాలు చేతులు మార్చేవాళ్లు. కిందివాళ్లు ఖాళీ గమేళా పైనుంచి పడుతుంటే చూడకుండానే పట్టుకునేవాళ్లు. మొదలుపెడితే ఆపకూడదు, ఆపితే అతుకు పడుతుంది, అతుకు దగ్గర కారుతుంది. చీకటి పడ్డాక పెట్రోమాక్సు వెలుగులో ఆఖరి మూల నింపి, మేస్త్రీ తాపీ కడుక్కుంటే అప్పుడు పొయ్యిమీది కూర దింపేవాళ్లు. పిల్లలకు మూలుగు బొక్కలు. మా ఇంటి స్లాబు రోజు నేను నిద్ర ఆపుకోలేక గోనెసంచి మీదే పడుకున్నాను. పొద్దున లేచేసరికి నాయిన స్లాబు మీద మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి మడులు చేశాడు. వాటిల్లో నీళ్లు ఆరకుండా చూసే పని నాది. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఎండలు నలభై దాటుతుంటే బిందెలు మోసి మోసి నా నడుం విరిగింది. మడిలో నీళ్లెండితే నాయిన తిట్టేవాడు, తాగడానికి లేకున్నా స్లాబుకు ఉండాలి అని.

ఇక్కడ మొత్తం తిరకాసు. పది డిగ్రీలకంటే తగ్గితే పని పట్టుకోరు, అందుకే సెప్టెంబర్లో హడావుడి. కొత్త కాంక్రీటు పోసినచోట రాత్రి చలి కొడుతుందంటే దుప్పట్లు కప్పుతారు. నెలరోజులు గడిచాక నీళ్లు లోపలికి ఇంకకుండా ఒక మందు పట్టిస్తారు. సిలేన్ అట, పూత కనబడదు, నీళ్లుపోస్తే తామరాకు మీదలా ముత్యాలు కడతాయి. నీళ్లు పట్టించడానికి నా చిన్నతనం పోయింది, నీళ్లు పట్టకుండా చూడ్డానికి నా జీతం పోతోంది. మొత్తం పగలగొట్టి కొత్తగా పోయించాలంటే పదివేల డాలర్లు దాటేది. పైపొరకు అందులో మూడోవంతు. పెద్దనాయినకు రూపాయల్లో చెప్పలేదు.

ఇంతా చేసి మళ్లీ ఉప్పు దగ్గరికే వచ్చాం. ఉప్పు చల్లకపోతే కాలుజారి ఎవరైనా పడితే కోర్టుకీడుస్తారంటారు. అందుకని ఇసుక తెచ్చి చల్లుతున్నాను. మంచు కరగదు, కాలు జారదు, అంతే. కారును షెడ్డులోకి ఎక్కించేముందు వీధిలోనే ఆపి, చీపురు కర్రతో చక్రాల వెనక గడ్డకట్టిన ఉప్పు మంచును పొడిచి రాలగొడుతున్నాను. కుక్కను తిప్పేవాళ్లు ఆగి చూసి పోతుంటారు.

ఇదొకెత్తు, మా పక్కింటి పెద్దాయన ఒకెత్తు. డెబ్బై ఐదు దాటాయి. ఈ వీధికి మేం వచ్చిన తొలి చలికాలం నుంచీ, నేను లేవకముందే మిషన్‌తో తన వాకిలితో పాటు మా వాకిట్లో మంచు కూడా తోసేస్తాడు. ఒక్క పైసా ముట్టడు. తోసి ఊరుకుంటే దేవుడే. పోతూ పోతూ, మేం పడిపోతామేమోనని, తన బకెట్లోంచి రెండు దోసిళ్ల ఉప్పు మా వాకిట్లో చల్లి మరీ పోతాడు. ఆ మనిషికి కంపెనీ ఉత్తరం ఎట్లా చూపించను? మా ఆవిడ చెప్పమంటుంది. నేను మొన్న చెప్పడానికే వెళ్లి, ఒక డబ్బా నిండా మురుకులిచ్చి, థ్యాంక్యూ చెప్పి వచ్చాను.