బంగారక్క ఊరికి వెళ్దామా!

స్పైడర్‌మ్యాన్ వేషంలో పిల్లాడు, వాడితో ఫొటో దిగే నాన్న... హైదరాబాద్ కామిక్‌కాన్‌లో కనిపించే సందడి ఇది. బొమ్మల హీరోల కోసం ఇంటిల్లిపాదీ ఒకచోట చేరడం మనకు కొత్తేం కాదు. కావాలంటే పుట్టపర్తి నుంచి ధర్మవరం వైపు వెళ్లి, నిమ్మలకుంటలో ఆగి చూడండి!

తోలుబొమ్మలకు పేరున్న ఊరిది. మేకతోలును వెలుగు దూరేంత పలచగా చేసి, ఉలితో చిల్లులు పెట్టి, రంగులద్దితే రాముడూ రావణుడూ తయారు. వెనక దీపం వెలిగిందా, తెల్లతెర మీద రంగురంగుల రామాయణమే! కునుకు తీసేవాళ్లను లేపడానికి మధ్యమధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి పోట్లాడుకునేవారు. వానల కోసమూ ఊళ్లు ఈ ఆట ఆడించేవి. తెల్లవార్లూ చాపలు ఖాళీ అయ్యేవి కావు.

సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గాయి. కళాకారులు అదే తోలుతో లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు చేసి కుటుంబాలను నెట్టుకొస్తున్నారు. ఈ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. బొమ్మ బతికింది, దాని మాటే తగ్గింది.

అందుకే, వెళ్లినప్పుడు లాంప్‌షేడ్ ఒక్కటే కొనుక్కుని వచ్చేయకండి. దాని మీదున్నది ఎవరో, కథేమిటో పిల్లలతో అడిగించండి. ఇంట్లో దీపం వేసిన ప్రతి రాత్రీ ఆ కథ మళ్లీ మొదలవుతుంది!