సిఫారసు జాబు

చదువు మాని ఇరవై ఏండ్లు గడిచిన తర్వాత మళ్లీ విశ్వవిద్యాలయంలో చేరదలచినవారికి పరీక్షలకంటె ముందు ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. అది సిఫారసు జాబు. ‘మిమ్ములను బాగా ఎరిగిన ఇద్దరి పేర్లివ్వండి, వారు మీ గురించి మాకు వ్రాయాలి’ అని దరఖాస్తులో ఒక మూల ఉంటుంది. చూడటానికి చిన్న మాటే. మాకు మాత్రం నాలుగు నెలలు పట్టింది.

మేము తోడికోడళ్లం. ఒకరి పుట్టిల్లు కోయంబత్తూరు, రెండవవారిది మదురై. ఇంటనే ఉండి చదువుకోదగిన ఎం.ఎస్‌సి. ఒకటి బ్రిటన్‌లో ఉన్నదని తెలిసి ఇద్దరమూ దరఖాస్తు పెట్టుకున్నాము. మన దేశంలో దూరవిద్యకు సాధారణంగా మార్కుల పట్టీ, టి.సి. వంటి కాగితాలుంటే చాలు. నకళ్లమీద గెజిటెడ్ అధికారి సంతకంకోసం తిరిగిన రోజులున్నవి గాని, 2014 తర్వాత చాలాచోట్ల మన సంతకమే సరిపోతున్నది. బ్రిటన్ వారికి అది చాలదు. ఒక మనిషి పూచీపడి వ్రాయాలి.

కోయంబత్తూరు ఆవిడ తాను చదివిన కళాశాలకు వెళ్లింది. పాఠం చెప్పినవారెవరూ అక్కడ లేరు. గుమాస్తాగారు పాత రిజిస్టరు తీసి, ‘నడవడి మంచిది’ అని ఒక్క పంక్తి వ్రాయించి ముద్ర వేసి ఇచ్చారు. మదురై ఆవిడ సంగతి మరీ విచిత్రం. మదురై విశ్వవిద్యాలయం 1966లో ఏర్పడి, 1971లో తపాలా ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. 1978లో కామరాజు గారి పేరు పెట్టుకున్నది. పెళ్లయి చదువు ఆగిన ఆడవాళ్లెందరికో ఆ తపాలా పాఠాలే దిక్కయినవి. ఈవిడ బి.ఏ. కూడ అక్కడిదే. అయితే పాఠాలు కట్టలుగా ఇంటికి వచ్చినవే గాని, గురువుగారి ముఖం ఈవిడ ఎరుగదు, ఈవిడ ముఖం గురువుగారూ ఎరుగరు. ఇక వ్రాసేదెవరు?

అప్పుడు మన పేటలో ఒక పెద్దమనిషి దయతలచి పెద్ద జాబు వ్రాసి ఇచ్చారు. అందులో మా మామగారి తండ్రిగారి దానధర్మాలున్నవి, విశ్వనాథ నాయకుని కాలంనుండి మా వంశం ఈ నాట నిలిచిన వైనమున్నది. మేమేమి చేయగలమో మాత్రం ఒక్క ముక్క లేదు. విశ్వవిద్యాలయంవారు మర్యాదగా తిప్పి పంపారు. ఆయనను అనవలసింది లేదు. మన వాడుకలో సిఫారసు అంటే పలుకుబడి. ఫలానావారి కోడలు అంటే చాలు, పని జరిగిపోతుంది. వారు అడిగేది సిఫారసు కాదు, సాక్ష్యం. ఈ మనిషి పని నేను కళ్లారా చూశాను అని చెప్పగలవారు కావాలి.

ఈ ఊళ్లో జి.డి. నాయుడుగారి (1893–1974) పేరు ఎరుగనివారు లేరు. ఆయన బడిచదువు చిన్న తరగతులలోనే ఆగింది. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టిన ఆయనకు రోడ్డుమీద తిరిగే బస్సులే సాక్ష్యం చెప్పినవి. కాని పని మన చేతిదీ, బోర్డుమీద పేరు ఇంకొకరిదీ అయినప్పుడు సాక్ష్యమెవరు చెప్పాలి? కోయంబత్తూరు ఆవిడ పదునెనిమిదేండ్లుగా మా పంపుల వర్క్‌షాపు లెక్కలు చూస్తున్నది. కూలీల జీతాలు, ఇనుము కొనుగోలు, పన్నులు అన్నీ ఆమెవే. జీతం లేదు, హోదా లేదు. యజమాని మామగారు. బంధువులు వ్రాస్తే చెల్లదని నిబంధన. మన పేటలలో ఇంటి వ్యాపారం మోసే స్త్రీలందరి గతీ ఇంతే. వారి పని జమాఖర్చుల పుస్తకంనిండా ఉంటుంది, వారి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

చివరకు దారి దొరికింది. ఏటేటా లెక్కలు తనిఖీచేసే ఆడిటరుగారు మాకు బంధువు కారు. ఎన్నేండ్లుగా ఎరుగుదురో, ఏ లెక్క ఆమె ఎలా సరిచేసిందో, కష్టమైన చదువుకు తట్టుకోగలదో లేదో ఒక పుటలో వ్రాశారు. మదురై ఆవిడ సంఘంలో ఆదివారాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నది. కార్యదర్శిగారేమో ఆమెకు మేనమామ! మన పేటలలో బంధువు కానివారిని వెదకటమే కష్టం గదా. పక్క గదిలో పిల్లలకు లెక్కలు చెప్పే తమిళ ఉపాధ్యాయినిగారు సంతోషంగా వ్రాశారు. ఇలాగే ఒక్కొక్కరికి రెండవ సాక్షీ దొరికారు. ఇద్దరి దరఖాస్తులూ అంగీకరించారు.

ఈ దారిన రాదలచిన సోదరీమణులకు మేము చెప్పగలిగేది ఇది. చదువు మాని చాలా ఏండ్లయినవారు పని చూసినవారిచేత వ్రాయించుకోవచ్చునని అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు ఒప్పుకుంటాయి. మొదటి డిగ్రీకి దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థకూడ యజమానిగాని, స్వచ్ఛందసేవలో పైవారుగాని వ్రాస్తే ఒప్పుకుంటుంది. బంధుమిత్రులు వ్రాస్తే ఒప్పుకోదు. అసలు జాబు అడగని చోట్లూ ఉన్నవి గనుక ముందు నిబంధన చదవండి. వ్రాసేవారికి నెలముందే చెప్పండి. మీరు చేసిన పనులు ఏండ్లతోసహా ఒక కాగితంమీద వ్రాసి ఇవ్వండి. విశ్వవిద్యాలయంనుండి నేరుగా వారికే ఈమెయిలు వస్తుంది గనుక, ఆఫీసు చిరునామా ఉంటే అది ఇవ్వటం మేలు.

మన సంఘాలకు ఒక విన్నపం. చందాలిచ్చినవారి పేర్లు రాతిమీద చెక్కిస్తున్నాము, మంచిదే. ఎవరు ఏ పని ఎన్నాళ్లు చేశారో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే, ఏనాడో ఒక కోడలికి, ఒక కూతురికి అది అక్కరకు వస్తుంది.