కొండ మీది ఆసుపత్రిలో అమ్మ మంచం

విశాఖపట్నంలో ఉదయాన్నే కిరండూల్ రైలెక్కిన మేము నలుగురం, కొత్తవలస దాటిన కొంతసేపటికే తూర్పు కనుమల ఒడిలోకి ప్రవేశించాము. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపేందుకు 1960లలో వేసిన మార్గమిది. సొరంగం వీడగానే లోయ, లోయ దాటగానే మళ్లీ సొరంగం. అరకు దాటి ఒడిశాలో అడుగుపెట్టి కొరాపుట్‌లో దిగేసరికి పుష్యమాసపు చలి మమ్మల్ని పలకరించింది. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. శబర శ్రీక్షేత్రంగా పేరొందిన జగన్నాథాలయాన్ని దర్శించుకొని పనికి బయలుదేరాము.

ఆ జిల్లాలోని ఒక ఆసుపత్రిలో ప్రసూతి, నవజాత శిశు విభాగాలను పునరుద్ధరించాలని మా సంస్థ సంకల్పించింది. మా నక్షాలో 12 వార్మర్లు, ఆక్సిజన్ గొట్టాలు, జనరేటరు, యూపీఎస్ అన్నీ లెక్క ప్రకారం అమరాయి. కొంత గర్వమూ లేకపోలేదు.

రాత్రి వార్డులో గోడను తాకి చూశాము, మంచుగడ్డలా ఉంది. పసికందు నాలుగు విధాల వేడిని కోల్పోతుంది: ఒంటి తడి ఆరడం వల్ల, చల్లగాలి సోకడం వల్ల, చల్లని వస్తువు తాకడం వల్ల, చుట్టూ ఉన్న చల్లని గోడలకు వికిరణం వల్ల. మొదటి మూడింటిని తువ్వాలుతో, టోపీతో నర్సులు చాలావరకు అరికట్టగలరు. నాలుగవది కట్టడం కట్టినవారి బాధ్యత. ప్రసూతి గది 25 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా థర్మామీటరు 19 చూపింది. కిటికీలకు రెండవ అద్దం, వెలుపలి గోడకు ఉష్ణనిరోధక పొర, ఆ గోడకు ఎడంగా పడకలు అని రాసుకున్నాము.

అప్పుడే ఒక బాలింత గోడ పట్టుకొని వరండాలో నడుస్తూ కనిపించింది. శస్త్రచికిత్స జరిగి రెండు రోజులే అయింది. బిడ్డ అవతలి కొసన ఉంది. మేము లెక్కించాము: 64 అడుగులు. నక్షా చూసిన సిస్టర్ తెలుగులోనే అడిగింది: "అన్నీ ఉన్నాయి సార్. మరి అమ్మ ఎక్కడ పడుకుంటుంది?"

మా వద్ద సమాధానం లేదు.

ఇంక్యుబేటర్ల కొరతతో 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే, తక్కువ బరువు శిశువులను తల్లి ఎదపైనే ఉంచే పద్ధతిని ప్రారంభించారు. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెడితే అటువంటి శిశువుల మరణాలు సుమారు 25 శాతం తగ్గుతాయని, భారతదేశంతో సహా ఐదు దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అందుకు కావలసినది యంత్రం కాదు. బిడ్డ ఉన్న గదిలోనే తల్లికి ఒక మంచం.

నక్షా మళ్లీ గీశాము. పక్కనున్న స్టోరు గోడ పైకప్పు భారాన్ని మోస్తున్న ఇటుక గోడ. అందుచేత ముందు ఆధారాలు నిలిపి, ఉక్కు దూలం అమర్చి, ఆ తరువాతే గోడ తొలగించాము. వార్మర్లు ఎనిమిదికి తగ్గాయి. ఒక్కొక్కదాని పక్కన తల్లి మంచం చేరింది. చేతులు కడుక్కునే బేసిన్, మరుగుదొడ్డి అదే గది కొసన వచ్చాయి. సంఖ్య ఎందుకు తగ్గిందని పై అధికారులు ప్రశ్నించగా, సిస్టర్ అడిగిన మాటనే ఫైలులో రాశాము. ఆమోదం లభించింది.

మరుసటి ఏడు అదే చలిలో మళ్లీ వెళ్లాము. వరండా ఖాళీగా ఉంది. లోపల ఒక తల్లి బిడ్డను గుండెలకు హత్తుకొని నిద్రపోతున్నది. థర్మామీటరు 27 చూపింది. చప్పుడు చేయకుండా తలుపు వేసి వచ్చేశాము.