ముడి దగ్గర తిరగబడే అల



1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి మన పిల్లలు మాదాపూర్ వైపు వెళ్తూనే ఉన్నారు. ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడితే చాలు, "మారిపోయాడయ్యగారూ" అని తల్లులు మా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

సన్నతాడును మోకుకు ముడివేసి బిగుతుగా పట్టుకోండి. సన్నతాడు కొసను ఒక్కసారి పైకి విదిలించండి. అల ముడి దాకా వెళ్లి రెండవుతుంది. బరువైన మోకు సులువుగా లేవదు, ముడిని కిందికి లాగుతుంది. అందుకే వెనక్కి వచ్చే అల తలకిందులై వస్తుంది. మోకులోకి దాటిన అల చిన్నదే, వేగమూ తక్కువే, కానీ పైకే లేచి ఉంటుంది. తాడును గోడకు కట్టేస్తే దాటేదే ఉండదు, మొత్తం తిరగబడి వస్తుంది. పిల్లల్ని గడప దాటనివ్వని తండ్రులు ఇది కాస్త గమనించాలి.

ఊళ్లో మనకు అందేది వెనక్కి వచ్చిన అలే. బబులోనులో దానియేలుకు పేరే మార్చేశారు. ఆ కొత్త పేరు యెరూషలేములో విన్నవాళ్లు ఏమనుకునేవారో! అతను మాత్రం యెరూషలేము వైపు కిటికీ తెరచి రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు.

మొన్న మన సంఘంలో ఒక తల్లి చెప్పాపెట్టకుండా బస్సెక్కి కొడుకు గదికి వెళ్లింది. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన వాడు, పక్కమంచం కుర్రాడికి జ్వరమని గంజి కాస్తున్నాడట.