ఆళ్లగడ్డ వేపకు నంద్యాల రంపం

ఆళ్లగడ్డలో మా మామ ఇంటి పెరట్లో ఒక వేపమాను ఉంది. వేళ్లు గోడకు ఇవతల, నీడ అవతల. అవతల ఉన్నది శిల్పులు పనిచేసుకునే చోటు. పైన రేకులు వేసుకున్నారు గానీ, ఎండ ముదిరే కొద్దీ చిన్న విగ్రహాలు, ఉలులు, నీళ్ల బిందె, మనుషులు అన్నీ మెల్లగా రేకుల కింది నుంచి మాను కిందికి జరుగుతాయి. అలా ఎన్నేళ్లుగా జరుగుతున్నాయో మామకే గుర్తులేదు.

2021 చివర్లో తెలుగు నేల మీద వేపచెట్లు కొమ్మల కొసల నుంచి మాడిపోతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చిన తెగులు అది. మామ మానుకూ తగిలింది. మాను చావలేదు, మరుసటేడు మళ్లీ చిగురు వేసింది. గోడ మీదుగా శిల్పుల వైపు వాలిన మూడు మండలు మాత్రం ఎండినవి ఎండినట్లే నిలిచిపోయాయి. మొన్న గాలికి వాటిలోంచి ఒక పుల్ల విరిగి, సగం చెక్కిన అమ్మవారి విగ్రహం పక్కన పడింది. పుల్ల కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రమే మామ ఫోన్ చేశాడు. "అల్లుడూ, నంద్యాలలో ఉండావు గదా. బ్యాటరీతో నడిచే చిన్న రంపం వస్తాదంట, ఒకటి చూసి తీసుకొని రా. పెద్ద మిషన్ మనిషిని పిలిస్తే మూడు మండలకు వచ్చి మానంతా బోడి చేసిపోతాడు."

మానునే కొట్టేస్తే పీడా పోతుందని ఎవరో సలహా కూడా ఇచ్చారట. వద్దన్నాను. పెరట్లో చెట్టయినా సరే, మొదలంటా నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. చట్టం మాట అలా ఉంచినా, బతికున్న మాను, ఎనిమిది మంది పనిచేసుకునే నీడ. దాని జోలికి ఎందుకు పోవాలి?

రంపం కొనే ముందు కొట్టుకు కాకుండా రిపేరు షెడ్డుకు పోయాను. నంద్యాలలో పెట్రోలు రంపాలు, మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన షెడ్డు గోడకు మేకులు కొట్టి పాత చైన్లు వేలాడదీసి ఉంటాయి, పూలకొట్లో దండల్లాగా. ఆయన నాయన కోత మిల్లులు ఇంతగా లేని కాలంలో రంపం కోత మనిషి. గుంత తవ్వి, మీద దుంగ పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి నిలువు రంపం లాగేవాళ్లు. కింద నిలబడిన మనిషి కళ్లలో పడే పొట్టు గురించి భాయ్ ఇప్పటికీ చెబుతాడు.

"ఎంత లావు మండలు సార్?" అన్నాడు. రెండు చేతులూ గుండ్రంగా చేసి చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "చేతులు చూపిస్తే అందరి మండలూ ఒకటే లావు. దారంతో చుట్టు కొలిపియ్యండి."

మామకు ఫోన్ చేశాను. మండలకు దారం చుట్టి, ఆ దారాన్ని టేపు మీద పెట్టి చెప్పాడు. ఒకటి పదహారు ఇంచులు, ఒకటి పదమూడు, పైన ఉన్నది అందలేదు గానీ చూపుకు తొమ్మిది ఉంటుందన్నాడు. చుట్టుకొలతను మూడుంబావు లోపుతో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. అంటే అన్నిటికంటే లావుది ఐదు ఇంచులు. బార్ దానికంటే రెండు మూడు ఇంచులు పొడుగుండాలి, కొస ఎప్పుడూ చెక్క లోపల చిక్కకూడదు. ఆ లెక్కన మాకు కావలసింది ఎనిమిది ఇంచుల బార్. నేను కొట్టు అద్దంలో చూసి మనసు పడింది నాలుగు ఇంచులది.

కొట్టులో దాని పక్కనే ఆరు ఇంచులది కూడా చూశానని చెబితే, భాయ్ రిపేరుకు వచ్చిన అలాంటిదాన్నే బల్ల మీద పెట్టి టేపు పట్టాడు. పెట్టె మీద ఆరు అని ఉన్నా మిషన్ మూతి దాటి బయటికి వచ్చిన బార్ ఐదున్నర కూడా లేదు. కోసేది బయట ఉన్నంత వరకే.

తరువాత బ్యాటరీ. రెండు మూడు వేల రూపాయలకు దొరికే రంపాల పెట్టెల మీద 48వీఎఫ్, 88వీఎఫ్ అని పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. చూసేవాళ్లకు అవి వోల్టులనిపిస్తాయి. భాయ్ చచ్చిపోయిన ఒక బ్యాటరీ మూత విప్పి నా ముందు పెట్టాడు. లోపల బొటనవేలంత సెల్లులు ఐదు, ఒకదానికొకటి రేకుతో అతికించి. ఒక్కోటి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. ఒక్కో లిథియం సెల్లు ఇచ్చేది 3.6 వోల్టులు, నిండా ఛార్జయినప్పుడు 4.2. ఐదు కలిస్తే 18, నిండుగా ఉన్నప్పుడు 21. పెట్టె మీద 88 అని రాసినా లోపల ఉన్నవి ఆ ఐదే. పక్కన ఇంకో ఐదు సెల్లులు పట్టే చోటు ఖాళీగా ఉంది, కదలకుండా ఒక స్పాంజి ముక్క కుక్కారు. ఆ స్పాంజి చూసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఏ రైతో, ఏ రిటైరైన టీచరో అంకె చూసి, నమ్మి కొనుక్కుని ఉంటాడు.

అందుకే చూడాల్సింది వాట్-అవర్. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది. 18 వోల్టుల, 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉన్నది 36. అదే 4 అయితే 72. ఇది బిందెలో నీళ్ల కొలత లాంటిది. స్టిల్ కంపెనీ జీటీఏ 26 అనే చిన్న రంపాన్నే చూడండి. నాలుగు ఇంచుల బార్, 10.8 వోల్టులు, 28 వాట్-అవర్లు అని ఉన్నదున్నట్లు చెబుతుంది. గులాబీలు, జామ, దానిమ్మ కొమ్మలు కత్తిరించుకునే ఇంటికి అంత చాలు. ఎండి గట్టిపడిన వేపకు చాలదు.

ఆ స్టిల్ పేరే ఈ రంపాల చరిత్రలో మొదట వినిపించే పేర్లలో ఒకటి. ఆండ్రియాస్ స్టిల్ 1926లో జర్మనీలో చేసిన మొదటి చైన్ రంపం కరెంటుదే. 64 కిలోల బరువు, పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఆయన పెట్రోలు రంపం 1929లో వచ్చింది. అడవిలో కరెంటు ఉండదు కాబట్టి అప్పటి నుంచి పెట్రోలుదే రాజ్యం. 1991లో లిథియం-అయాన్ బ్యాటరీ మార్కెట్టులోకి వచ్చింది, తరువాత మెల్లగా పనిముట్లలోకీ పాకింది. పెరటి రంపం ఇన్నేళ్లకు మళ్లీ కరెంటు దగ్గరికి చేరింది.

నంద్యాల వాళ్లకు బ్యాటరీ గురించి ఇంకో మాట చెప్పాలి. రాష్ట్రంలో ఎండలు మండిపోయే ఊళ్ల లెక్క తీస్తే మా ఊరు ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటుంది. లిథియం సెల్లుకు ఎండే శత్రువు. 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టకూడదు. పని ముగించిన వెంటనే, బ్యాటరీ చేతికి వెచ్చగా తగులుతున్నప్పుడు కూడా పెట్టకూడదు. కారులో వదిలేయకూడదు. నెలల తరబడి వాడనప్పుడు నిండుగానూ కాదు, ఖాళీగానూ కాదు, సగం ఛార్జితో దాచాలి. భాయ్ దగ్గరికి వచ్చే చచ్చిన బ్యాటరీల్లో ఎక్కువ భాగం పనిచేసి చచ్చినవి కాదట, రేకుల గదిలో పడుండి చచ్చినవట.

అప్పటి దాకా ఇవన్నీ కుర్చీలో కూర్చొని చెప్పాడు. చైన్ దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. ఒక లింకును గోళ్ల మధ్య పట్టుకొని వెలుతురుకు చూపించాడు. వంగిన గోరులా ఒక పన్ను, దాని ముందు చిన్న మిట్ట. పన్ను చెక్కను గీరి ఎత్తుతుంది. ఎంత లోతుకు గీరాలో ఆ మిట్ట నిర్ణయిస్తుంది. మిట్టకూ పన్ను కొసకూ మధ్య ఎత్తు తేడా అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. పన్ను అరిగే కొద్దీ దాని ఎత్తూ తగ్గుతుంది, మిట్టనూ అంతే తగ్గించాలి. తగ్గించకపోతే రంపం చెక్క మీద జారుతుంది. మరీ తగ్గిస్తే చెక్కను పట్టి లాగుతుంది.

ఈ పన్ను ఆకారం ఒక పురుగు నుంచి వచ్చింది. అమెరికాలో ఆరిగన్ అడవుల్లో పనిచేసే జోసెఫ్ కాక్స్ 1946లో కట్టెలు కొడుతూ, మొద్దును తొలిచేస్తున్న పెంకుపురుగు పిల్లను చూశాడు. దాని దవడలు కుడికీ ఎడమకూ మార్చి మార్చి చెక్కను కొరుకుతున్నాయి. ఆ పద్ధతిలోనే ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు వంగిన చైన్ చేసి, మరుసటేడు అమ్మకం మొదలుపెట్టాడు. భాయ్‌కి ఇది చెబితే, "మన మామిడి మానును తొలిచే పురుగు లాంటిదే గదా" అని, ఆ లింకును ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు.

చైన్‌కు ఆకురాయి వేయడం నేర్పించాడు. ఈ చిన్న చైన్లకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి. లోపలి నుంచి బయటికి, ఒకే వైపు, ముప్పై డిగ్రీల వాలులో. వెనక్కి లాగేటప్పుడు తగలకూడదు. ఒక్కో పన్నుకు మూడేసి రుద్దులు, అన్నిటికీ సమానంగా. ఒక వైపు పళ్లకు మూడు, రెండో వైపు ఐదు వేస్తే కోత వంకర పోతుంది. నేను వేసిన మొదటి నాలుగు పళ్లనూ వేలితో తడిమి, ఏమీ అనకుండా మళ్లీ ఆయనే వేశాడు.

చివరికి ఆయన సుద్దముక్క తీసుకొని బార్ కొస మీద పైభాగంలో పావు వంతు గుండ్రానికి తెల్లగా గీశాడు. "ఈడ తగలకూడదు. తగిలిందంటే ఎగదన్నుతాది." చైన్ బార్ కింది వైపు మన దిక్కుకు పరుగెత్తుతూ రంపాన్ని చెక్కలోకి లాక్కుంటుంది, పై వైపు కొస దిక్కుకు పరుగెత్తుతుంది. ఆ మలుపులో పన్ను గట్టి చెక్కకు తగిలి ఆగితే రంపమే పైకి, మన ముఖం వైపు లేస్తుంది. చిన్న రంపాలను ఒంటి చేత్తో పట్టుకోవచ్చని పెట్టెల మీద బొమ్మలు వేస్తారు. రెండో చేత్తో కొమ్మను పట్టుకున్న బొమ్మలు. ఆ రెండో చెయ్యి ఉన్న చోటే ప్రమాదం.

ఇంత విన్నాక ఎంపిక కష్టం కాలేదు. ఎనిమిది ఇంచుల బార్, రెండు చేతులకూ రెండు పిడులు, ముందు పిడికి అడ్డుగా ఎగదన్నితే చైన్‌ను ఆపే బ్రేకు, చైన్‌కు తనంతట తానే నూనె పోసుకునే డబ్బీ, కార్బన్ బ్రష్‌లు లేని మోటారు, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు. అన్నిటికంటే ముఖ్యంగా, దాని చైన్, బార్ ఇక్కడే దొరుకుతాయని భాయ్ చూసి చెప్పాడు. చౌకదానికి ఐదింతలు అయింది. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు కూడా కొన్నాను. మామ వాటిని పెట్టుకోడని తెలిసినా కొన్నాను.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట పైనే. ఎడమ పక్క నల్లమల దారి పొడుగునా తోడు వస్తుంది. బ్యాటరీలను గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను, కిటికీ ఎండ తగలకుండా.

నేను పోయేసరికి శిల్పులు విగ్రహాలను పక్కకు జరిపి ఉన్నారు. జరపలేనిది ఒకటే, అమ్మవారు. ఆమె మీద గోనె సంచులు, వాటి మీద పాత పరుపు కప్పారు. గ్రైండర్లు ఆపేశారు. అక్కడ గ్రైండర్ ఆగితేగానీ పక్క వీధి కోళ్ల కూత వినపడదు. పెద్ద శిల్పి వచ్చి రంపం చైన్‌ను వేలి కొసతో తాకి చూశాడు. "మా ఉలిదీ ఇదే కత. మొన పోతే బలం పెట్టల్ల. బలం పెడితే రాయి యాడో ఒక కాడ చెదురుతాది." వాళ్లు రోజూ కొలిమిలో ఉలులు కాల్చి మొన సాగదీసుకుంటారు.

మండకు మోకు కట్టి పై కొమ్మ మీదుగా లాగి పట్టుకున్నారు, ఇద్దరు. మొదట కింది నుంచి మూడో వంతు లోతుకు కోశాను. తరువాత దానికి కాస్త అవతల, పై నుంచి. పై కోత కింది కోతను దాటేసరికి మండ చీలకుండా టక్కున తెగి, మోకుకు వేలాడింది. కింద కోత లేకుండా పై నుంచే కోసి ఉంటే బరువుకు బెరడు మాను మొదలు దాకా ఒలిచేది. మిగిలిన మోడును మాను దగ్గర ఉబ్బిన బెరడు ఉంగరం వదిలి కోశాను, ఆ ఉంగరమే గాయాన్ని మూసేది.

మొదట్లో పొట్టు చిన్న చిన్న చెక్కుల్లా రాలింది. రెండో మండ సగంలో మెత్తటి పిండిలా రావడం మొదలైంది. పెద్ద శిల్పి నా కంటే ముందు చూసి, "మొన పోయింది" అన్నాడు. గోడ మీద కూర్చొని, ఆకురాయి తీసి, పన్నుకు మూడేసి రుద్దాను. ఈసారి అన్నీ సమానంగానే పడ్డాయి. రెండు మండలనూ మూరెడేసి ముక్కలు చేసేసరికి మొదటి బ్యాటరీ ఆఖరి గీతకు వచ్చింది.

మూడోది ఎత్తులో ఉంది. మామ నిచ్చెన ఎక్కి కోస్తానన్నాడు. నేను రంపం ఇవ్వలేదు. నిచ్చెన మీద, భుజం కంటే ఎత్తులో, చైన్ రంపం ఏ సైజుదైనా పెట్టకూడదు. మామకు కోపం వచ్చింది, "ఇంత పెట్టి కొని ఒక మండ వదిలేస్తావా" అన్నాడు. చివరికి టెంకాయ చెట్లెక్కే మనిషిని పిలిపించాం. నడుముకు తాడు కట్టుకొని, చేతి రంపంతో, పావుగంటలో కోసి దించాడు.

గోనె సంచులు తీశారు. అమ్మవారి భుజం మీద కాస్త వేప పొట్టు పడి ఉంది, శిల్పి ఊదేశాడు. లావు ముక్కల్లో చేవ ఉన్నవి రెండు ఆయన పక్కన పెట్టుకున్నాడు, సుత్తి పిడులకు. గ్రైండర్ మళ్లీ మొదలైంది.

చీకటి పడ్డాక మామ బ్యాటరీలను చేత్తో పట్టి చూశాడు, చల్లబడ్డాయో లేదో. ఛార్జింగ్ పెట్టి, మూడో గీత వెలగగానే తీసేసి, బియ్యం డబ్బాలుండే గదిలో నేల మీద ఒక మూల పెట్టాడు. ఆ ఇంట్లో ఎండాకాలం చల్లగా ఉండే గది అదొక్కటే.